తోముడు బల్ల మీద

"నాకు నెలసరి అత్తయ్యా. మీరు వెళ్ళి హాయిగా నాని రండి, నేనిక్కడే కూచుంటా," అంటూ హేరిమ్ స్నానశాల గుమ్మంలో చెప్పుల అరల దగ్గరే ఆగిపోయింది.

మల్సూన్ అప్పటికే బూట్లు విడిచి అరలో పెట్టి తాళం వేసింది. ఆమెకు డెబ్భై నిండాయని కొడుకూ కోడలూ మూడు రోజుల సరదాకి వేడినీటి బుగ్గలున్న సువాన్‌బో తీసుకొచ్చి ఇంకా గంట కాలేదు. బస దగ్గర సామాను దించుతూ కొడుకు గ్యూహో, "అమ్మా, నువ్వెళ్ళి వేడినీళ్ళలో కూచో. హేరిమ్‌కి ఒంట్లో బాగాలేదు, పడుకుంటుంది," అన్నాడు. అతను కారు వెనకవైపు పెట్టి రావడానికి వెళ్ళిన ఆ రెండు నిమిషాల్లో మల్సూన్ కోడలి చెయ్యి పట్టుకుని వీధి దాటించేసింది.

"ఏం నెలసరే! పోయిన వారం మా ఇంట్లో కిమ్చీ పచ్చడికి క్యాబేజీలు ఉప్పులో వేస్తూ, కడుపునొప్పని బిళ్ళ అడిగి వేసుకున్నావు. నీకు నెలకి రెండుసార్లొస్తుందా?" అని నవ్వింది మల్సూన్.

హేరిమ్ నవ్వలేదు. ఆ రోజు క్యాబేజీల దగ్గర కూడా ఆమె చొక్కా చేతులు పైకి మడవలేదు. మోచేతుల దాకా ఉప్పునీళ్ళలో తడిసి బరువెక్కిన ఆ చేతులతోనే సాయంత్రం దాకా పని చేసింది. "మడుచుకోవే, జలుబు చేస్తుంది," అని మల్సూన్ రెండుసార్లు అని, మూడోసారి అనలేదు.

"ఇద్దరికీ ఒళ్ళు తోముడు కూడా రాయండమ్మా," అంది మల్సూన్ చీట్లిచ్చే ఆవిడతో. "మా కోడలికి నా తరఫున. పండగ నాదైతే మాత్రం, సంబరం నాకొక్కదానికేనా?"

హేరిమ్ ఆ రెండు చీట్లకేసి చాలాసేపు చూసింది. తర్వాత వంగి బూట్లు విప్పుకుంది.

"సరే అత్తయ్యా," అంది.

బట్టలు విప్పేచోట ఆమె గోడవైపు తిరిగి నిలబడింది. భుజాల చుట్టూ తువ్వాలు కప్పుకునే లోపలికి నడిచి, వేడి తొట్టిలో మెడదాకా దిగిపోయింది. 

"నలభై రెండు! నలభై రెండో తాళం అక్కయ్యా, ఇటు రండి!" అని మూలనుంచి కేక వినపడింది. అది మల్సూన్ అర తాళం నంబరు.

ఒళ్ళు తోమే ఆవిడ పేరు ఓక్‌బున్. అరవైకి దగ్గర పడ్డ మనిషి. నల్లటి లోదుస్తులు, రబ్బరు చెప్పులు, మల్లయోధుడికి ఉన్నట్టు ముంజేతులు. మూలన ప్లాస్టిక్ గుడ్డ పరిచిన రెండు బల్లలున్నాయి. వాటిలో ఒకదానిమీద మల్సూన్‌ని పడుకోబెట్టి, దోసెడు నీళ్ళు కొట్టి, పచ్చటి గరుకు గుడ్డసంచిలో చెయ్యి దూర్చి మొదలుపెట్టింది. మెడనుంచి నడుందాకా ఒకే ఊపు. మట్టి బూడిదరంగు వత్తులు వత్తులుగా లేచి బల్ల అంచుకి చేరుతోంది.

"ఎన్నాళ్ళైందేంటి అక్కయ్యా తోమించుకుని? పొలం దున్నుకోవచ్చు," అంది ఓక్‌బున్.

"దున్నుకో, విత్తనాలు కూడా చల్లు. నా కొడుకు పండగకని తీసుకొచ్చాడు."

"అదృష్టం. ఈ చేతులు చూస్తే ఉప్పునీళ్ళలో నానిన చేతుల్లా ఉన్నాయి. చేపలా, పచ్చళ్ళా?"

"ఇంచన్ బజార్లో కూరలూ పచ్చళ్ళూ. ముప్ఫై ఏళ్ళు."

"అయితే మనిద్దరిదీ నీళ్ళ బతుకే," అని ఓక్‌బున్ ఆమె వీపుమీద రెండుసార్లు చప్పట్లు కొట్టింది, తిరగమని. ఆ దెబ్బల చప్పుడు గదంతా మోగింది. మల్సూన్‌కి ప్రాణం లేచొచ్చింది. ఇంత తేలికగా ఆమె ఒళ్ళు ఎన్నడూ లేదు.

ఆమె దిగి పక్కనే చిన్న పీటమీద కూచుని తల రుద్దుకుంటుంటే, హేరిమ్ వచ్చి రెండో బల్లమీద బోర్లా పడుకుంది. ఓక్‌బున్ అలవాటుగా ఒక్క లాగున తువ్వాలు తీసేసింది.

తీసిన చెయ్యి అక్కడే ఆగింది.

భుజం కింద, చేతి లోపలివైపు, పసుపూ ఆకుపచ్చా కలిసిన మచ్చలు నాలుగు, వరసగా. చేతికి అవతలివైపు ఇంకొకటి, కాస్త పెద్దది. పక్కటెముకల మీద అరచేయంత మేర ఊదారంగుకి కమిలి ఉంది. అది కొత్తది.

ఓక్‌బున్ చేతికున్న గరుకు గుడ్డ తీసేసింది. సబ్బు నురగ చేసుకుని, ఒట్టి అరచేత్తో ఆ చోట్లను తాకీతాకనట్టు నిమిరింది.

"ఇక్కడ రుద్దనులే," అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఎవరమ్మా?" అంది.

ఎంత తగ్గించినా, పలకలు అతికించిన గోడల మధ్య మాట దాగదు. పక్క పీటలమీద ఇద్దరు ఆడవాళ్ళు కుళాయిలు కట్టేశారు. హేరిమ్ తల ఇటు తిప్పి మల్సూన్ కళ్ళలోకి చూసింది. అలా చూస్తూనే ఉంది.

"అలమర తలుపు తగిలింది," అంది మల్సూన్.

అది కొట్లో బేరాలాడే గొంతు. పెద్దగా, హుషారుగా వచ్చింది. "మా కోడలికి తొందరెక్కువ లెండి. ఎక్కడ చూసినా గుద్దుకుంటుంది."

హేరిమ్ కళ్ళు మూసుకుంది.

ఓక్‌బున్ చెంబుతో గోరువెచ్చటి నీళ్ళు ఆమె వీపుమీద మెల్లిగా పోసింది. "మా ఊళ్ళో అలమరలకి వేళ్ళుండవు మరి," అంది ఎవరితోనూ కాకుండా. కుళాయిలు మళ్ళీ తిరిగాయి.

సాయంత్రం గ్యూహో వాళ్ళను అడవికోడి వంటలకి పేరుపడ్డ హోటలుకి తీసుకెళ్ళాడు. పుట్టగొడుగులు ఉడుకుతున్న చారులో పల్చటి మాంసం ముక్కలు ముంచి తీసి, ముందు తల్లి గిన్నెలో వేశాడు.

"మా అమ్మ మొహం చూడు, ఒలిచిన గుడ్డులా మెరిసిపోతోంది. పదేళ్ళు తోమేసినట్టున్నారు." తర్వాత అదే నవ్వుతో భార్యవైపు తిరిగాడు. "నువ్వెక్కడికెళ్ళావు? గదిలో లేవు."

హేరిమ్ చేతిలో తినే పుల్లలు గిన్నెమీద ఆగాయి.

"నేనే లాక్కెళ్ళాను," అంది మల్సూన్. "నీళ్ళలో మెడదాకా మునిగి కూచుంది, అంతే. తోముడు నాకొక్కదానికే."

గ్యూహో భుజాలు దిగడం ఆమె చూసింది. ఇంకో ముక్క ముంచి, వేడి తగ్గేదాకా ఊది, హేరిమ్ గిన్నెలో వేశాడు. "తిను. సన్నబడిపోయావు."

పిల్లని కాపాడ్డానికే ఆ మాటన్నానని మల్సూన్ తనకి తాను చెప్పుకుంది. మాంసం నోట్లో పెట్టుకుంటే రబ్బరులా సాగింది. ఎవరిని కాపాడిందో ఆమెకి తెలుసు. నలభై ఏళ్ళ కిందట ఆమె కూడా తన వాడ స్నానశాలకి పదిహేనేసి రోజులు వెళ్ళేది కాదు. "ఏమే, కనపడవు?" అని ఇరుగుపొరుగు అడిగితే నెలసరి అనే చెప్పేది. గుమ్మంలో హేరిమ్ నోట ఆ మాట విన్నప్పుడే తన పాత అబద్ధం గుర్తొచ్చింది. దాన్ని నవ్వుతో నొక్కేసింది. ఎండాకాలంలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు స్నానాలగది తలుపుకి పిడికిలంత కన్నం ఉంటే, గాలికి కొట్టుకుందన్నాడు గ్యూహో. మర్నాడు బజారుకెళ్ళి పూల బొమ్మల క్యాలెండరు కొని ఆ కన్నం మీద తగిలించింది తనే.

"అమ్మా, తినవేం?"

"తింటున్నా నాన్నా."

మర్నాడు సేజే కనుమలోకి నడిచారు. నవంబరు చివర, మేపుల్ ఆకులు రాలిపోయి, దారికి రెండువైపులా ఎర్రగా కుళ్ళుతున్నాయి. గ్యూహో తల్లి సంచీ తన భుజానికి తగిలించుకున్నాడు, ఎత్తెక్కే చోట వీపుమీద చెయ్యి వేసి నడిపించాడు. ఎదురొచ్చిన ముసలాయనొకడు "మంచి కొడుకు" అన్నాడు. గ్యూహో వంగి దణ్ణం పెట్టాడు.

దారిలోని పాత కోటగుమ్మాల్లో రెండోదాని దగ్గర హేరిమ్ మరుగుదొడ్డికి వెళ్ళింది. తల్లీకొడుకులు కొట్టు ముందు బల్లమీద కూచున్నారు. మల్సూన్ పొద్దుటినుంచీ మాటలు కూర్చుకుంటూనే ఉంది.

"గ్యూహో."

"ఊఁ?"

"మీ నాన్న..."

"నాన్న సంగతి ఇప్పుడెందుకమ్మా? పండగపూట." అతను కిందికి చూశాడు. "అయ్యో, నీ తాడు ఊడింది. పడతావు."

అతను నేలమీద మోకాలేసి కూచుని బూటు తాడు కట్టసాగాడు. మల్సూన్‌కి అతని నడినెత్తిన సుడి కనపడింది. ఈ సుడినే ఆమె ఎన్నిసార్లు ముద్దుపెట్టుకుందో లెక్కలేదు. పళ్ళదాకా వచ్చిన మాటలు వెనక్కి జారిపోయాయి.

"అంత గట్టిగా బిగించకు," అంది చివరికి.

"వదులుగా ఉంటే ఊడిపోతుందమ్మా," అంటూ అతను రెండో ముడి వేశాడు.

దిగేటప్పుడు వాగు దాటాల్సి వచ్చింది. నీళ్ళలో రాళ్ళు వరసగా వేసి ఉన్నాయి. హేరిమ్ ముందు నడుస్తోంది. ఆమె పైవైపు రాళ్ళకేసి అడుగేస్తుంటే, "అటు కాదు, ఇటని చెప్పానా?" అని గ్యూహో ఆమె చేతిని భుజం కింద పట్టి ఇటు తిప్పాడు. మందపాటి కోటు పైనే కావచ్చు. కానీ సరిగ్గా ఆ చోటే. వేళ్ళు వాటి చోట్లు వెతుక్కోనక్కర్లేకుండా పడ్డాయి.

నాలుగడుగుల వెనక మల్సూన్ ఊపిరి బిగబట్టింది. హేరిమ్ అరుస్తుందనుకుంది, కనీసం మూలుగుతుందనుకుంది. హేరిమ్ ముఖం మారలేదు. రేడియోలో వాతావరణం వార్తలు వింటున్నట్టు ఉంది. "సరే," అని కిందివైపు రాయిమీద కాలేసింది.

ఆ ముఖం మల్సూన్‌కి తెలుసు. ఇరవై ఏడేళ్ళు, మొగుడు పోయేదాకా, ఆమె దాన్ని మోసింది.

మూడో రోజు తెల్లవారి ఆరింటికి ఆమె వాళ్ళ గది తలుపు తట్టింది. హేరిమ్ తీసింది. వెనక గ్యూహో నిద్రలో ఉన్నాడు.

"నా వీపు... కాదు, నీ వీపు తోముతాను, రా," అంది మల్సూన్. ఏం మాట్లాడుతోందో ఆమెకే తెలియలేదు. హేరిమ్ ఒక్క క్షణం చూసి, కోటు తొడుక్కుని, అడుగుల చప్పుడు కాకుండా బయటికొచ్చింది.

అప్పుడే స్నానశాల తెరిచారు. లోపల ఒక ముసలామె తలంటుకుంటోంది. ఓక్‌బున్ బల్లమీద వేడినీళ్ళు పోసి కడుగుతూ తలెత్తింది. నవ్వలేదు.

"ఇవాళా తోముడా అక్కయ్యా?"

"ఆ పచ్చ గుడ్డొకటి ఇవ్వు. నేనే తోముతా." గుడ్డ అందుకున్నాక మల్సూన్ కదల్లేదు. ఒంటిమీద నూలుపోగు లేదు, పట్టుకోడానికి ఆ గుడ్డ తప్ప ఏమీ లేదు. "మొన్న నేనిక్కడ అబద్ధం చెప్పాను. అలమర కాదు. నా కొడుకు."

కొట్లో గొంతు కాదది. ఎక్కడినుంచో సన్నగా వచ్చింది. తలంటుకుంటున్న ముసలామె చేతులు నురగలో ఆగి, మళ్ళీ కదిలాయి.

"తెలుసు," అంది ఓక్‌బున్. బకెట్టు తీసుకెళ్ళి ఇంకో బల్ల కడగడం మొదలుపెట్టింది.

హేరిమ్ పీటమీద వీపు తిప్పి కూచుంది. మల్సూన్ వెనక కూచుని గుడ్డ తడిపింది. కమిలిన చోట్లు తప్పించి, వెన్నెముక పక్కనుంచి మెల్లిగా, పైనుంచి కిందికి.

"అత్తయ్యా," అంది హేరిమ్ గోడకేసి చూస్తూ. "మొన్న నేను గట్టిగా రానంటే, మీరు నన్ను లాక్కురాగలిగేవారా?"

మల్సూన్ గుడ్డ మళ్ళీ తడిపింది.

"నెలసరని చెప్పమన్నది ఆయనే. మీరు నమ్మలేదు, రెండు చీట్లు కొన్నారు. అప్పుడనుకున్నా, సరే, చూడనీ అని. ఆర్నెల్లుగా మీకెలా చెప్పాలా అని చూస్తున్నా. నోటితో చెప్తే మీ కొడుకుమీద చాడీలు చెప్పినట్టుంటుంది. కళ్ళతో చూస్తే మీరే అడుగుతారనుకున్నా." ఆమె గొంతులో కోపం లేదు. అలసట మాత్రం ఉంది. "మీరు అలమర అన్నారు."

మల్సూన్ చెయ్యి ఆగిపోయింది. దాచుకున్నదేదో పొరపాటున తన కంట పడిందని రెండు రోజులుగా కుమిలిపోతోంది. పొరపాటు కాదు. ఈ పిల్ల బట్టలు విప్పుకుని, ఎరగని ఆడవాళ్ళ మధ్య బల్లమీద పడుకుని, చూడమని తన ముందు పెట్టింది. తను చూసి కూడా అలమర అని కప్పెట్టేసింది.

"తప్పైంది," అంది. ఆ మాట ఎంత చిన్నదో అన్నాకే తెలిసింది.

"ఆ సాయంత్రమే మా అక్కకి ఫోన్లో రాశా. ఇవాళ తొమ్మిదింటి బస్సుకి వెళ్ళిపోతున్నా. తేజాన్‌లో అక్క కాచుకుని ఉంటుంది. మీకు చెప్పకూడదనే అనుకున్నా."

"నేనేం చెయ్యాలో చెప్పు తల్లీ."

"ఏం చేస్తారు? ఎవరైనా అడిగితే చూసింది చూసినట్టు చెప్పండి. కోర్టులో అడిగినా సరే."

"చెప్తా."

"మీ కొడుకు ఎదురుగా?"

ఓక్‌బున్ బకెట్టులో నీళ్ళు నిండి పొర్లుతున్నాయి. ఆమె కుళాయి కట్టలేదు.

"చెప్తా," అంది మల్సూన్ ఈసారి ఇంకా నెమ్మదిగా. హేరిమ్ వీపుమీద నీళ్ళు పోసింది.

హేరిమ్ సంచీ గదిలోనే ఉంది. దాన్ని తేవడానికి మల్సూనే వెళ్ళింది. గ్యూహో లేచి, తడి జుట్టుతో చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"హేరిమ్ ఏదమ్మా? పొద్దెక్కితే దారంతా బళ్ళు నిండిపోతాయి."

"నీ కారెక్కదు." మల్సూన్ మూలనున్న సంచీ తీసుకుని, కోడలి దువ్వెన, ఫోను తీగ ఏరి అందులో వేసింది. "నేనూ ఎక్కను."

"ఏం చెప్పింది నీకు?"

"అది చెప్పలేదు. తోముడు బల్లమీద నేనే చూశాను."

"తోముడు నీకొక్కదానికే అన్నావు!"

"అబద్ధం చెప్పాను. నీకూ చెప్పాను, ఊరికీ చెప్పాను."

గ్యూహో పరుపు అంచున కూలబడ్డాడు. "కోపంలో రెండుమూడుసార్లు... తర్వాత నేనే మందు రాశానమ్మా," అన్నాడు. "నాన్నతో పోలిస్తే ఇదేపాటి? నేను తాగను కూడా. నాన్న నీ పన్ను రాలగొట్టిన మర్నాడు నువ్వు లేచి ఆయనకి తాగింది దిగాలని సోయామొలకల చారు కాచావు. నాకు గుర్తుంది. పొయ్యిదగ్గర నీ పక్కనే నుంచున్నా. నువ్వు వెళ్ళిపోయావా?"

అతను ఎత్తిపొడవడం లేదు. నిజంగానే అడుగుతున్నాడు, చిన్నప్పుడు ఏదైనా అర్థంకాక అడిగినట్టు. అదే మల్సూన్‌ని ఎక్కువగా కోసింది.

"వెళ్ళుంటే, ఇవాళ నువ్వీ మాట అడిగుండేవాడివి కాదు."

ఆమె సంచీ భుజానికెత్తుకుని గుమ్మం దగ్గరికి నడిచింది. గ్యూహో లేచి అడ్డం వచ్చి తలుపుమీద చెయ్యి పెట్టాడు. ఆమె అతని ఛాతీదాకా ఉంటుంది. ముఖంలోకి చూడలేదు, ఆ చేతికేసి చూసింది. వేళ్ళు పొడుగ్గా, శుభ్రంగా ఉన్నాయి. ఆమెకి భయమేసింది. కన్నకొడుకుని చూసి భయపడటం ఇదే మొదటిసారి.

"కొడతావా?" అని అడిగింది.

గ్యూహో చెయ్యి తలుపుమీంచి జారింది. ఆమె తనే తలుపు తెరుచుకుని బయటికొచ్చింది. మెట్లు దిగుతుంటే లోపలినుంచి ఏడుపు వినపడింది. రెండో మెట్టుమీద ఆగింది. రెయిలింగు పట్టుకుని, మళ్ళీ దిగింది.

బస్సులు ఆగే చోట చలికి చేతులు జేబుల్లో పెట్టుకుని హేరిమ్ ఒక్కతే నిలబడి ఉంది. జుట్టింకా ఆరలేదు.

"మా ఇంటికి రాకూడదూ?" అంది మల్సూన్ సంచీ అందిస్తూ. "కొట్టు పైన గది ఖాళీయే. నేనుంటా నీతో."

"వద్దత్తయ్యా. మీ ఇంటి తలుపు తాళం అంకెలు ఆయనకి కూడా తెలుసు."

అంతకంటే సూటి మాట లేదు. మల్సూన్ తల ఊపింది.

చుంగ్జు దాకా ఇద్దరికీ ఒకటే బస్సు. అక్కడినుంచి ఒకరిది తేజాన్ దారి, ఒకరిది ఇంచన్ దారి. బస్సులో ఆరేడుగురే ఉన్నారు. హేరిమ్ కిటికీ పక్కన కూచుని సంచీ పక్కసీట్లో పెట్టుకుంది. మల్సూన్ ఆ సంచీ దగ్గర ఒక్క క్షణం ఆగి, వెనక వరసలోకి వెళ్ళి కూచుంది.

యాపిల్ తోటలు మొదలైన చోట ఆమె ఫోను మోగింది. ఆ మోతకి ముందు సీట్లో హేరిమ్ మెడ బిగుసుకోవడం వెనకనుంచి కనపడింది. మల్సూన్ ఫోను చెవికి పెట్టుకుంది.

"ఆఁ, నేనే... తెలుసు. అది ఎక్కడికెళ్తోందో నాకు తెలుసు." ఆమె కాసేపు విన్నది. "తెలియదని చెప్పను. తెలుసు, కానీ చెప్పను. నువ్వు ముందు అన్నం తిను." ఆఖరి మాట అలవాటుగా జారిపోయింది. నాలుక కరుచుకుని ఫోను కట్టేసింది.

హేరిమ్ వెనక్కి తిరగలేదు. చుంగ్జు వచ్చేదాకా సంచీ ఆ సీట్లోనే ఉంది. దానిమీద మల్సూన్‌కి ఏ ఫిర్యాదూ లేదు. తోముడుకి మెత్తబడ్డ ఆమె ఒళ్ళు కోటు లోపల ఇంకా నున్నగానే ఉంది. అది తనది కాదేమో అనిపించింది.

చుంగ్జులో అందరూ దిగారు. బస్సు గట్టుకి దూరంగా ఆగడంతో ఆఖరి మెట్టు ఎత్తుగా ఉంది. మల్సూన్ కమ్మీ రెండు చేతులా పట్టుకుని, ఒక కాలు కిందికి చాపి నేలకోసం వెతుక్కుంది. కింద హేరిమ్ నిలబడి ఉంది. చెయ్యి అందించలేదు. అలాగని వెళ్ళిపోనూ లేదు. అత్తగారి రెండు కాళ్ళూ నేలమీద ఆనేదాకా చూసి, సంచీ భుజానికెత్తుకుని, తేజాన్ బస్సులు ఆగే వైపు నడిచింది.